చోడి అంబలిని రాగి సంకటి అంటే ఎలాగ? – ఈమధ్య చదివిన కొత్త నవలల గురించి

నాది ఆమదాలవలస, ఉద్యోగం విజయనగరంలో. పొద్దున్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ప్యాసింజర్ ఎక్కితే పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల దాటుకుని దిగేసరికి గంట దాటిపోతుంది. సీటు దొరికిన రోజు 40 పేజీలు, దొరకని రోజు తలుపు పక్కన ఆనుకుని ఓ 15 పేజీలు చదువుతాను. సాయంత్రం మళ్లీ అంతే. ఇంటికొచ్చి వంటా గింటా అయ్యాక రాత్రి మా అత్తకి అరగంట పైకి చదివి వినిపిస్తాను. ఆవిడకి రెండేళ్లుగా చిన్న అక్షరాలు ఆనడం లేదు, ఒకప్పుడు వారపత్రికల్లో సీరియళ్లు ఒక్కటీ వదిలేది కాదు. అంటే ఒక్కో నవలకి మా ఇంట్లో రెండు పరీక్షలు, రైల్లో నా కళ్లు, రాత్రి ఆవిడ చెవులు. నా కళ్లని కొంతమంది రచయితలు మాయ చేయగలిగారు కానీ ఆవిడ చెవుల్ని మాత్రం ఎవరూ చేయలేకపోయారు.

ఏడెనిమిదేళ్లుగా తెలుగులో నవలలు మళ్లీ బాగానే వస్తున్నాయి. మధ్యలో చాలాకాలం ఎక్కడ చూసినా కథల సంపుటాలే, నవల అడిగితే షాపులవాళ్లు పాత రచయితల రీప్రింట్లు చేతిలో పెట్టేవాళ్లు. ఇప్పుడలా లేదు, కొత్తవాళ్లు రాస్తున్నారు, కుర్రాళ్లు నడిపే ప్రచురణ సంస్థలు వచ్చాయి, అట్టలు అందంగా ఉంటున్నాయి, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా పెట్టే నవలల పోటీ లాంటివాటి వల్ల పెద్ద నవల రాయాలన్న ఆశ కూడా పుట్టింది. ఇదంతా నాకు నిజంగా సంతోషం. నేను కింద గట్టిగా విమర్శించిన నవలల పేర్లు రాయను, డబ్బులు పెట్టి కొని ప్రేమతో చదివినవే అవన్నీ, ఒక్క తప్పు వల్ల ఆ రచయిత రెండో పుస్తకం ఎవరూ ముట్టుకోకుండా పోతే నాకే బాధ. నచ్చినవాటికి మాత్రం పేర్లు చెబుతాను.

ముందు నన్ను బాగా బాధపెట్టిన నవల సంగతి. మన శ్రీకాకుళం జిల్లా పల్లెలో జరిగే కథ అని వెనక అట్ట మీద రాస్తే ఆత్రంగా ఆర్డర్ పెట్టాను. మూడోరోజు రాత్రి అత్తకి చదువుతున్నాను, కథానాయకుడు పొలం నుంచి వస్తాడు, తల్లి కంచంలో వేడివేడి రాగి సంకటి పెడుతుంది. అత్త ఆపింది.

"అదేటమ్మా? సంకటేటి?"

"రాగి సంకటి అత్తా, రాగులతో చేస్తారు."

"చోళ్లా? మనం అంబలి కదా కాసుకుంటాం."

అంతే, ఆ రాత్రి ఇంక కథ సాగలేదు. ఆవిడ తన చిన్నప్పటి చోడి అంబలి గురించి చెప్పుకుంటూ పోయింది. ముందురోజు పిండి నానబెట్టడం, పొద్దున్నే కుండలో కాచి చల్లార్చడం, పొలం వెళ్లేవాళ్లు దుత్తలో పోసుకుని పట్టుకెళ్లడం, నంజుకోడానికి ఉల్లిపాయో పచ్చిమిరపకాయో, లేకపోతే ఎండుచేప కాల్చుకోవడం. ఆవిడ చెప్పిన ఆ 10 నిమిషాల్లో ఉన్న ఊరు ఆ 260 పేజీల నవలలో లేదు. నేను అన్యాయంగా మాట్లాడటం లేదు, రాగి సంకటి గొప్ప తిండే, సీమ నవలలో వస్తే ఆ ముద్ద నాకూ నోరూరిస్తుంది. కానీ ఇక్కడ ఆ ముద్ద వచ్చిందంటే రచయిత ఈ ఊళ్లో ఒక్క పూట కూడా తినలేదని తెలిసిపోతుంది. తర్వాత చూస్తే అన్నీ అలాగే బయటపడ్డాయి. మనం గెడ్డ అనేదాన్ని అంతా వాగు అన్నారు. మెట్ట భూమిని గరువు అనకుండా బీడు అన్నారు. పైగా సంభాషణల్లో పది మాటలకి ఒక "ఏటి" వేసి, మిగతా వాక్యమంతా పేపర్ భాషలో నడిపించేశారు. తల్లి కొడుకుతో "ఏటిరా నాన్నా, ఎందుకలా దిగులుగా కూర్చుని ఉన్నావు?" అంటుంది. మా ఇంట్లో ఎవరైనా "ఏట్రా, అలాగ కూకుండిపోనావు?" అంటారు, అంతే. ఆ 'పోనావు'లోనే దిగులు ఉంది, దానికి వేరే మాట అక్కర్లేదు.

యాస అంటే మాటల చివర తగిలించే తోక అనుకుంటున్నారు చాలామంది. మన దగ్గర "వచ్చీసినాడు", "తినీసినాం", "సెప్పీసినాను" అన్నప్పుడు పని పూర్తయిపోయిందన్న భావం, కాస్త తొందర, కొంచెం విసుగు, అన్నీ ఆ ఒక్క 'ఈసి'లో ఇరుక్కుని ఉంటాయి. ఎప్పుడు "వచ్చినాడు" అంటారు, ఎప్పుడు "వచ్చీసినాడు" అంటారు అన్నది చెవికి తెలియాలి. అది తెలియకపోతే మామూలు తెలుగులోనే రాయండి, పాఠకులం ఏమీ అనుకోము, అర్థం చేసుకుంటాం. సగం సగం రాస్తేనే కష్టం, సంతలో వేషం కట్టినట్టు ఉంటుంది.

ఈ జిల్లాలవాళ్లకి ఈ విషయంలో పట్టుదల ఎక్కువే, దానికి కారణం ఉంది. మేం ఉన్న నేల అలాంటిది. గురజాడ ఉన్న విజయనగరం, చాసో (చాగంటి సోమయాజులు) ఉన్న విజయనగరం, కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) శ్రీకాకుళం, అలమండ నుంచి వచ్చిన పతంజలి, పక్కనే విశాఖలో రావిశాస్త్రి. ఇక్కడి కూలివాడు, ఇక్కడి పోలీసు, ఇక్కడి రాజులు ఎలా మాట్లాడతారో వాళ్లు రాసేసి వెళ్లిపోయారు. అవి చదివి పెరిగిన చెవులకి ఇప్పుడు పైపై యాస వినిపిస్తే వెంటనే తేడా తెలుస్తుంది.

ఇంకో నవల థ్రిల్లర్, విజయనగరంలో సిరిమాను సంబరం రోజు, అంటే పొడవాటి మాను చివర పూజారి కూర్చుని ఊరేగే పైడితల్లి అమ్మవారి జాతర రోజు, ఒక హత్య. ఐడియా వినగానే నేను ఎగిరి గంతేశాను, ఎందుకంటే ఆ జనంలో ఒక మనిషి మాయమైతే ఎవరు పట్టుకోగలరు? మొదటి 30 పేజీలు రైల్లో నిలబడి చదివాను, నెల్లిమర్ల ఎప్పుడొచ్చిందో కూడా చూసుకోలేదు. తీరా అసలు ఘట్టం వచ్చేసరికి సిరిమాను దసరా రోజునే జరిగిపోతుంది. అయ్యో అనిపించింది. సిరిమాను విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం, ముందురోజు సోమవారం తొలేళ్లు, ఇది ఈ ఊళ్లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. పోనీ అది కథ కోసం మార్చుకున్నారనుకుందాం, కానీ ఆ తొలేళ్ల రాత్రే కదా థ్రిల్లర్‌కి కావలసిన రాత్రి! పల్లెల నుంచి జనం ముందే దిగిపోయి ఎక్కడ పడితే అక్కడ పడుకుని ఉంటారు, ఊరంతా మేలుకుని ఉంటుంది. మర్నాడు సిరిమాను గుడి దగ్గర నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. మూడుసార్లు! ఒక అనుమానితుడు మొదటిసారి ఒక చోట, రెండోసారి ఇంకో చోట కనపడ్డాడని రాసుకోవచ్చు, మూడోసారికి కనపడకుండా పోవచ్చు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి, ఆ వల వెనక దాక్కునేవాడిని ఎవరైనా ఊహించారా? రచయిత కళ్లముందు ఇంత సరుకు ఉంటే దాన్ని వదిలేసి బాణసంచా, డీజే, డ్రోన్ కెమెరా మాత్రం వాడుకున్నారు. ఆ నవల ఏ ఊరి జాతరకి మార్చినా అతికిపోతుంది, ఒక్క పేరా కూడా తిరగరాయక్కర్లేదు. హంతకుడు ఎవరో మాత్రం నిజంగా ఊహించలేకపోయాను, కథ కట్టడం వచ్చిన చెయ్యి అది. అరువు దొరికితే చదవండి. ఆ రచయిత ఒక్కసారి సంబరానికి వచ్చి, మూడు లాంతర్ల కూడలి దగ్గర పొద్దున్నించి రాత్రి దాకా నిలబడితే చాలు, వచ్చే నవల ఎలా ఉంటుందో తలుచుకుంటేనే నాకు ఆశగా ఉంది.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ప్రేమకథలు ఓ నాలుగు చదివాను. అన్నిట్లోనూ కాఫీ షాపు, ట్రాఫిక్, బ్రేకప్, గోవా. ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీసి చెప్పమంటే చెప్పలేను. భాష మాత్రం హాయిగా, పరుగుగా ఉంది, ఇంటర్ చదివే మా మేనకోడలు రెండు రోజుల్లో ఒకటి లాగించేసి "ఇంకేమున్నాయి అత్తా" అని అడిగింది. తెలుగులో పుస్తకమే పట్టని పిల్ల అది. అందుకని వాటిమీద నాకు కోపం లేదు.

ఇప్పుడు నచ్చినవాటికి వస్తాను. అన్నిటికంటే ముందు సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. 2019లో తానా బహుమతి వచ్చిన నవల, 2021లో క్రిష్ సినిమా కూడా తీశారు. సినిమా చూసేశాం కదా అని పుస్తకం వదిలేసినవాళ్లు మా ఆఫీసులోనే ముగ్గురున్నారు, వాళ్ల కోసమే ఇది ఇంత వివరంగా రాస్తున్నాను. ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రాడు, కరువులో ఊళ్లో మేత లేక, తండ్రితో కలిసి గొర్రెల మందతో నల్లమల అడవిలోకి వెళ్తాడు. అలా వెళ్లడాన్నే కొండపొలం పోవడం అంటారు. కథ ఇంతే. నేను నల్లమల చూడలేదు, గొర్రెల గురించి నాకు సంక్రాంతి కూరకి మించి తెలియదు, కడప మాట నా చెవికి కొత్త. "యాడికి", "ఎట్టా" అంటే సరే, ఇంకా ఎన్నో మాటలు మొదట్లో తెలియలేదు. అత్తకైతే అసలే కొత్త. నేను భయపడ్డాను, రెండు రాత్రుల్లో వద్దంటుందేమో అని. ఏం జరిగిందంటే, మూడో రాత్రి నేను తలనొప్పిగా ఉండి ఇవాళ వద్దు అత్తా అంటే, "మరి మంద ఎక్కడ ఆపినారో అదొక్కటీ సెప్పీ" అంది.

అత్త పుట్టిల్లు గొర్రెలున్న ఇల్లట. పెళ్లయి వచ్చి 50 ఏళ్లయినా నాకు ఎప్పుడూ చెప్పలేదు, ఈ నవల చదువుతుంటే ఒక్కొక్కటే బయటికొచ్చాయి. వాన పడితే మంద ఎలా ముద్దకట్టుకుంటుంది, ఒకటి బెదిరితే అన్నీ ఎలా పరిగెడతాయి, ఈనేదాన్ని నడక చూసి ఎలా కనిపెడతారు. నవలలో ఉన్నది నిజమా కాదా అని ఆవిడ ప్రతి పేజీకీ తన లెక్క చూసుకునేది, "అవును, అలాగే" అని తల ఊపేది. పులి గురించి వచ్చిన చోటయితే గొంతు తగ్గించి చదవమంది, ఎదురింటివాళ్లకి వినిపిస్తుందని కాదు, ఆవిడకి అలా వింటేనే బాగుందట. ఇక్కడి ముసలావిడకి కడప అడవి ఇంత దగ్గరైందంటే కారణం ఒక్కటే, రచయితకి ఆ పని తెలుసు. గొర్రెల కాపరి పొద్దున్న లేచి మొదట ఏం చూస్తాడో, దేనికి భయపడతాడో, దేన్ని పట్టించుకోడో తెలుసు. పని తెలిసినప్పుడు యాస దానంతటదే వెంట వస్తుంది, పాఠకుడు మాట తెలియకపోయినా పనిని పట్టుకుని నడిచిపోతాడు. మన శ్రీకాకుళం మీద రాసిన ఆ మొదటి నవలలో మాటలు నాకు అన్నీ తెలిసినవే, అయినా ఊరు దగ్గర కాలేదు. రెండూ పక్కపక్కన చదవడం వల్లే నాకు ఈ సంగతి పట్టుబడింది.

కొంచెం కంప్లైంట్ కూడా ఉంది. అక్కడక్కడా రచయిత మనకి అడవి గురించి పాఠం చెప్పాలని ఆగిపోతారు, అప్పుడు నేను రైల్లో కిటికీలోంచి బయటికి చూశాను. కానీ అవి తక్కువ చోట్ల. కొనుక్కోండి, ఇంట్లో ఉండాల్సిన పుస్తకం.

రెండోది బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి', 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం ప్రాంతం, హండే పాలకుల కాలం. చారిత్రక నవల అంటే నాకు మొదట్నుంచీ కొంచెం జంకు. దానికి తగ్గట్టు ఈమధ్యే ఇంకో చారిత్రక నవల చదివి అలిసిపోయాను, అందులో ప్రతి రాజు రాగానే ముందు బిరుదులు, తర్వాత శాసనం, తర్వాత యుద్ధంలో ఎన్ని ఏనుగులు, ఎన్ని గుర్రాలు. రచయిత కష్టపడ్డారని తెలుస్తోంది, గ్రంథాలయాల్లో ఎన్ని రోజులు కూర్చున్నారో పాపం, కానీ సేకరించినదంతా మన పళ్లెంలో కుమ్మరించేశారు. శప్తభూమి అలా కాదు. రాజులూ పాలెగాళ్లూ ఉంటారు, కానీ నాకు ఇప్పటికీ గుర్తుండిపోయింది కరువూ, కింది కులాల మనుషుల బతుకూ. సింహాసనం దగ్గర కాకుండా చెరువు గట్టు దగ్గర నిలబడి చరిత్ర చూసినట్టు ఉంటుంది. ఇది అత్తకి చదవలేదు, కొన్నిచోట్ల హింస ఆవిడ తట్టుకోలేదు. నేనే ఒక రోజు గరివిడి దగ్గర పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. తొందరగా చదివేసే పుస్తకం కాదు, రోజుకి ఇంత అని పెట్టుకుని చదవండి.

మధురాంతకం నరేంద్ర గారి 'మనోధర్మపరాగం' గురించి నేను న్యాయంగా మాట్లాడగలనో లేదో, ఎందుకంటే చదివిన చోటు దానికి బాగా కలిసొచ్చింది. 2022లో దీనికీ అకాడెమీ అవార్డు వచ్చింది. దేవదాసీ కుటుంబాల్లో పుట్టిన స్త్రీల బతుకు, వాళ్ల సంగీతం. నేను పనిచేసే ఊళ్లో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఘంటసాల అక్కడే చదువుకున్నారు. నేను లంచ్ టైంలో ఈ నవల చదువుతూ, సాయంత్రం ఆ దారిన నడిచి స్టేషన్‌కి వెళ్తూ, ఆ రోజుల్లో పాట ఎవరు నేర్చుకున్నా మెచ్చుకోళ్లు ఎవరికి దక్కాయి, నిందలు ఎవరికి దక్కాయి అని ఆలోచిస్తూ ఉండేదాన్ని. మనోధర్మం అంటే కచేరీలో పాడేవాళ్లు అప్పటికప్పుడు తమ ఊహతో రాగాన్ని పెంచుకుంటూ పోవడం. కచేరీలో అంత స్వేచ్ఛ ఉన్న మనుషులకి ఇంటి గడప దాటాక ఏ స్వేచ్ఛా లేకపోవడం, ఈ ఒక్క ఆలోచన నన్ను వారం రోజులు వదల్లేదు. సంగీతం బొత్తిగా తెలియనివాళ్లకి మొదట కొంచెం బరువు అనిపిస్తుంది. మనుషులు ఎక్కువ, ఎవరు ఎవరికి ఏమవుతారో మర్చిపోతాం. నేను పుస్తకం చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో వంశవృక్షం గీసుకున్నాను, మీరూ గీసుకోండి, చాలా ఉపయోగపడింది.

ఇప్పుడు పుస్తకం వస్తువుగా ఎలా ఉంది అన్నది కూడా చెప్పాలి, డబ్బు పెట్టేది దానికే కదా. పేజీలని బట్టి 200 నుంచి 350 దాకా పెడుతున్నాను ఒక్కో నవలకి, దానికి పోస్టు ఖర్చు అదనం. 2025 సెప్టెంబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయాక ఒక్కో పుస్తకంగా తెప్పించుకోవడం మానేశాను, ఖర్చు కలిసొస్తుందని ముగ్గురు నలుగురం కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టుకుంటున్నాం. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో షాపుకి వెళ్లి కొత్త నవల తిరగేసి కొనే అదృష్టం తక్కువే, ఎక్కువగా దొరికేవి గైడ్లు, పోటీ పరీక్షల పుస్తకాలు. కొత్త నవల కావాలంటే ఫోన్లో బొమ్మ చూసి డబ్బు పంపడమే. అందుకే అచ్చులో తప్పు ఉంటే మాకు ఎక్కువ బాధ, చూసుకుని కొనే వీలు లేదు కాబట్టి.

ఒక నవలలో ఒక ఫారం, అంటే 16 పేజీలు, రెండుసార్లు కుట్టారు, తర్వాత రావలసిన 16 లేవు. సరిగ్గా పెళ్లి ఆగిపోయే చోట. ప్రచురణకర్తలకి ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి వారంలో కొత్త కాపీ పంపారు, అది మంచి విషయం. ఇంకోదానికి గమ్ ఊడిపోయి మూడోసారి తెరిచేసరికి మధ్య పేజీలు చేతిలోకి వచ్చాయి. రైల్లో చదివేవాళ్లం పుస్తకాన్ని ఒక చేత్తో మడిచి పట్టుకుంటాం, దయచేసి కుట్టు బైండింగ్ వేయండి, ఇంకో 20 రూపాయలు పెంచినా పర్వాలేదు. ఇక అచ్చుతప్పులు. ఒక 300 పేజీల నవలలో మొదటి పేజీ నుంచి చివరి దాకా 'అర్థం' అన్న ప్రతిచోటా 'అర్ధం' అని పడింది. 'అర్ధం' అంటే సగం! "నీ మనసు నాకు అర్ధమైంది" అని ప్రియుడు అంటే చదివే నాకు ఏడుపొచ్చింది. పాత ఫాంట్లలో టైపు చేసినదాన్ని యూనికోడ్‌కి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోతాయని తెలుసు, కానీ అందుకే కదా ప్రూఫులు చూసేది. అట్ట బొమ్మకి పెట్టిన శ్రద్ధలో సగం ప్రూఫులకి పెడితే చాలు.

అసలు నాకు కనిపిస్తున్న జబ్బు తొందర. ఏడాదికి రెండు నవలలు, పుస్తకాల పండగకి ఒకటి అందాలి అన్న పరుగు. నేను గురజాడ వారి ఇంటి ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను, వెళ్లినప్పుడల్లా ఒకటే తలుచుకుంటాను. 'కన్యాశుల్కం' 1892లో ఇదే ఊళ్లో ఆడారు, 1897లో అచ్చువేశారు, జనం మెచ్చుకున్నారు కూడా. ఆయన అక్కడితో ఆగలేదు, మళ్లీ రాసి, పెంచి, మార్చి 1909లో ఇంకో కన్యాశుల్కం ఇచ్చారు. మనం ఇవాళ తలకెత్తుకునేది ఆ రెండోదాన్నే. మెచ్చుకోలు వచ్చేసిన పుస్తకాన్ని పన్నెండేళ్లకి మళ్లీ ముందేసుకునే ఓపిక! అంత అడగను ఎవరినీ, ఒక్క ఏడాది ఆపండి చాలు. ఆ ఊరికి వెళ్లి రండి, అక్కడి మనిషి ఎవరికైనా పైకి చదివి వినిపించండి. "అదేటి?" అని ఆగిన ప్రతి చోటా పెన్సిల్ గీత పెట్టుకోండి.

మన దగ్గర కథల కోసం కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి వెళ్లారు, తెలుగులో ఏ కథ కావాలన్నా అక్కడ వెతుక్కోవచ్చు అన్నంత పని అది. నాకు తెలిసి నవలకి అలాంటి ఇల్లు లేదు. ఉండాలని నాకు గట్టిగా ఉంది. ముఖ్యంగా ఈ వెయ్యి, ఐదొందల కాపీలు వేసి మళ్లీ వేయని కొత్త నవలలు పదేళ్ల తర్వాత ఎక్కడ దొరుకుతాయి? నేను నా మట్టుకు కొన్నవాటికి అట్టలేసి, ఏ నెలలో కొన్నానో రాసి, ఇంట్లో ఒక బీరువా ఖాళీ చేసి పెడుతున్నాను. అరువు ఇస్తాను కానీ నోట్‌బుక్‌లో సంతకం పెట్టించుకుంటాను.

ఇంకా రావలసిన నవలల గురించి రెండు ముక్కలు. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లు చూశారా ఎప్పుడైనా? పిక్క పెంకులోని రసం తగిలి చర్మం నల్లగా కాలిపోయి ఉంటుంది, అన్నం కలుపుకునేటప్పుడు చెయ్యి చూసి పని ఏమిటో చెప్పేయొచ్చు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఉన్న ఇళ్లు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి ఒక్క రాత్రిలో పడిపోయిన కొబ్బరి తోటలు, చెట్టు మళ్లీ కాపుకి రావడానికి పట్టే ఏళ్లు. మన తీరం నుంచి గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి పరాయి బోట్లలో వేట చేసే జాలర్లు, వాళ్లలో కొందరు 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. అన్ని నెలలు ఒడ్డున ఉన్న ఆ ఇళ్లలో పొయ్యి ఎలా వెలిగింది, ఎవరు అప్పు ఇచ్చారు, ఎవరు ఇవ్వలేదు, పిల్లలకి ఏం చెప్పారు, ఇది రాస్తే ఎంత పెద్ద నవల! దీనికి వలలూ, పడవలూ, దాదనం (పనికి ముందే ఇచ్చే అడ్వాన్సు) లెక్కలూ తెలిసినవాళ్లు కావాలి. తీరం ఊళ్లలో చదువుకున్న పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్లలో ఎవరో ఒకరు రాస్తారని ఎదురుచూస్తున్నాను.

నిన్న కొత్త పార్సిల్ వచ్చింది. ప్రసాద్ సూరి 'మైరావణ', 2025లో అకాడెమీ యువ పురస్కారం వచ్చిన నవల, చాలా రోజులుగా లిస్టులో ఉండిపోయింది. ఇంకా కవర్ విప్పలేదు. శనివారం రాత్రి అత్త పక్కన కూర్చుని మొదటి పేజీ నుంచి పైకే చదువుదామని పెట్టుకున్నాను, ఈసారి రైల్లో ముందుగా చదవను.